1989 టూర్ డి ఫ్రాన్స్

1989 టూర్ డి ఫ్రాన్స్ అనేది ఫ్రాన్సు దేశములో ఏటా జరిగే సుప్రసిద్ధ సైకిల్ పందెము యొక్క 76వ పోటీ. ఇది 1989 జూలై 1న లక్సెంబర్గ్ నగరములో ప్రారంభమై జూలై 23న పారిస్ నగరములో ముగిసింది. మొత్తం 3,285 కిలోమీటర్ల దూరం గల ఈ పందెములో అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ విజేతగా నిలిచాడు. రెండవ స్థానం పొందిన ఫ్రాన్సు దేశస్థుడు లోరాన్ ఫిన్యోన్‌కు, విజేతకు మధ్య గల తేడా 8 సెకన్లు మాత్రమే. టూర్ డి ఫ్రాన్స్ చరిత్రలో ఇంత స్వల్పమైన తేడాతో ఫలితం తేలిన పోటీ మరొకటి లేదు. ఆఖరి రోజున, ఆఖరి 24.5 కిలోమీటర్లలో ఆధిక్యం చేతులు మారడం వలన ఈ పోటీ సైకిల్ పందేల చరిత్రలో విశిష్ట స్థానం సంపాదించుకుంది.

పందెము జరిగే విధానము

టూర్ డి ఫ్రాన్స్ ఒకే రోజున ముగిసే పందెము కాదు. మూడు వారాలపాటు రోజుకొక అంచె చొప్పున సాగుతుంది. ప్రతి అంచెలోను ఒక్కొక్క పోటీదారుకు పట్టిన కాలాన్ని లెక్కించి, వాటన్నిటినీ కలుపుతారు. అందరికంటె తక్కువ మొత్తం కాలములో గమ్యం చేరినవాడు విజేత. అందుచేత ఒక్క అంచెలోను ప్రథమ స్థానం పొందకుండానే మొత్తం పందెమును గెలిచే అవకాశం కూడా ఉంది. మొత్తం కాలములో ఆధిక్యం గలవాడు మరునాటి అంచెలో పసుపు రంగు జెర్సీ ధరిస్తాడు.

అంచెలు ముఖ్యంగా మూడు రకములు. మైదాన ప్రాంతపు అంచెలలో పోటీదారులు పెద్ద గుంపుగా సాగుతారు. ముందున్నవారి వెనుక నడిచేవారికి గాలి తాకిడి తగ్గుతుంది కనుక గుంపును విడిచి ఒంటరిగా ముందుకు పోవడం కష్టం. గుంపుతో కలిసి గీత దాటినవారందరికీ ఒకే కాలం ఇస్తారు. పర్వత ప్రాంతపు అంచెలలో వేగం తక్కువగా ఉండి గాలి ప్రభావం తగ్గుతుంది. అక్కడ ఒక్కొక్కరి బలమే బయటపడి నిమిషాల తేడాలు ఏర్పడతాయి. మూడవ రకం టైమ్ ట్రయల్. ఇందులో పోటీదారులు ఒకరి తరువాత ఒకరుగా విడివిడిగా బయలుదేరుతారు. ఇతరుల వెనుక నక్కే వీలు లేదు. గడియారమే ప్రత్యర్థి.

1989 పోటీలో ఒక ప్రారంభ టైమ్ ట్రయల్, దాని తరువాత 21 అంచెలు ఉన్నాయి. 22 జట్ల నుండి, జట్టుకు తొమ్మిది మంది చొప్పున, 198 మంది బయలుదేరగా 138 మంది పారిస్ చేరుకున్నారు. టూర్ సాధారణముగా పారిస్‌లోని షాంజెలిజే రాజవీథిలో గుంపుగా సాగే అంచెతో ముగుస్తుంది. చాలా సంవత్సరములలో ఆ రోజు ఉత్సవం వంటిదే కాని, మొత్తం ఫలితం మారదు. 1989లో మాత్రం నిర్వాహకులు ఆఖరి అంచెగా వెర్సాయ్ నుండి పారిస్ వరకు టైమ్ ట్రయల్‌ను ఏర్పాటు చేశారు. ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్లు నిండిన సంవత్సరం కూడా అదే.

ప్రధాన పోటీదారులు

పెడ్రో డెల్గాడో: స్పెయిన్ దేశస్థుడు, రేనోల్డ్స్ జట్టు నాయకుడు. 1988 టూర్ విజేత. పర్వతాలు ఎక్కడంలో దిట్ట. పోటీ ప్రారంభానికి ముందు ఎక్కువమంది ఈయనే గెలుస్తాడని భావించారు.

లోరాన్ ఫిన్యోన్: పారిస్‌లో జన్మించిన ఫ్రెంచి పోటీదారు, సూపర్ యు జట్టు నాయకుడు. 1983, 1984 సంవత్సరములలో వరుసగా రెండు సార్లు టూర్ గెలిచాడు. ఆ తరువాత గాయాల వలన కొన్నేళ్లు వెనుకబడ్డాడు. 1989లో ఇటలీ దేశపు జీరో డిటాలియా పందెమును గెలిచి తిరిగి పూర్వ వైభవం సంపాదించుకున్నాడు. గుండ్రని కళ్లద్దాలు, వెనుక కట్టిన పిలక జుట్టు ఈయన గుర్తులు.

గ్రెగ్ లెమాండ్: 1986లో టూర్ గెలిచిన మొట్టమొదటి అమెరికన్. ఐరోపాకు వెలుపలి వ్యక్తి ఎవరూ అంతకు ముందు ఈ పందెమును గెలవలేదు. 1987 ఏప్రిల్ 20న కాలిఫోర్నియాలో అడవి కోళ్ల వేటకు వెళ్లినప్పుడు, ఆయన బావమరిది పొరపాటున పేల్చిన తుపాకి గుళ్లు లెమాండ్ శరీరంలోకి దూసుకుపోయాయి. సుమారు అరవై చిన్న గుళ్లు తగిలి ప్రాణాపాయ స్థితికి చేరుకున్నాడు. శస్త్రచికిత్సతో బ్రతికి బయటపడినా, తీయడానికి వీలుకాని గుళ్లు పలు చోట్ల, గుండె పైపొరలో సైతం, ఉండిపోయాయి. ఈ కారణాలచేత 1987, 1988 పోటీలలో ఆయన పాల్గొనలేదు. 1989లో ఎ.డి.ఆర్. అనే బెల్జియం జట్టులో చేరాడు. పర్వతాలలో నాయకునికి తోడు నిలువగల బలం ఆ జట్టుకు లేదు. ఆ ఏటి జీరో డిటాలియాలో చాలా వెనుకబడి, పందేలను పూర్తిగా విడిచిపెట్టాలని కూడా ఆలోచించాడు. అయితే ఆ పందెపు ఆఖరి టైమ్ ట్రయల్‌లో రెండవ స్థానం పొందడంతో ఆయనకు తిరిగి ఆశ చిగురించింది.

ఫిన్యోన్, లెమాండ్‌లు ఒకరికొకరు కొత్తవారు కారు. 1980ల మొదట్లో ఇద్దరూ సిరిల్ గిమార్ శిక్షణలో రెనో జట్టులో సహచరులు. 1984లో ఫిన్యోన్ టూర్ గెలిచినప్పుడు లెమాండ్ మూడవ స్థానంలో నిలిచాడు. 1989లో గిమార్ ఫిన్యోన్ జట్టుకు సారథ్యం వహించాడు.

పందెము జరిగిన తీరు

డెల్గాడో ఆలస్యము

జూలై 1న లక్సెంబర్గ్‌లో జరిగిన 7.8 కి.మీ. ప్రారంభ టైమ్ ట్రయల్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ బ్రూకింక్ గెలిచాడు. కాని ఆ రోజు అందరూ చెప్పుకున్నది డెల్గాడో గురించి. శరీరాన్ని వేడెక్కించుకోవడానికి సైకిల్ తొక్కుతూ దూరంగా వెళ్లిన ఆయన, తన వంతు వచ్చే సమయానికి బయలుదేరే వేదిక వద్ద లేడు. గడియారం ఎవరి కోసమూ ఆగదు. ఆయన వచ్చి బయలుదేరేసరికి 2 నిమిషాల 40 సెకన్లు గడిచిపోయాయి. ముందటి ఏటి విజేత ఆ రోజు అందరికంటె చివరి స్థానంలో నిలిచాడు.

మరునాడు రెండు అంచెలు జరిగాయి. ఉదయపు అంచెను పోర్చుగల్‌కు చెందిన అకాసియో డా సిల్వా గెలిచి, పసుపు జెర్సీ ధరించిన మొట్టమొదటి పోర్చుగీసు పోటీదారు అయ్యాడు. మధ్యాహ్నం జరిగిన 46 కి.మీ. జట్టు టైమ్ ట్రయల్‌లో ఫిన్యోన్ జట్టు ప్రథమ స్థానం పొందింది. లెమాండ్ జట్టు 51 సెకన్లు వెనుకబడింది. డెల్గాడో ఈ అంచెలో నీరసించి సహచరులతో సమానంగా నడవలేకపోయాడు. రెండు రోజులు గడిచేసరికి ఆయన ఫిన్యోన్ కంటె ఏడు నిమిషాలకు పైగా వెనుకబడ్డాడు.

పసుపు జెర్సీ లెమాండ్‌కు

బెల్జియం మీదుగా ఫ్రాన్సులో ప్రవేశించిన పందెము, ఒక రోజు విరామం తరువాత బ్రిటనీ ప్రాంతానికి చేరింది. జూలై 6న డినార్ నుండి రెన్ వరకు 73 కి.మీ. టైమ్ ట్రయల్ జరిగింది. లెమాండ్ తన సైకిల్ హ్యాండిల్‌కు ముందుకు పొడుచుకు వచ్చిన కమ్మీలను బిగించుకుని వచ్చాడు. ట్రయాథ్లాన్ పోటీలలో అప్పటికే వాడుకలో ఉన్న ఈ పరికరం టూర్‌కు కొత్తది. మోచేతులను దానిపై ఆనించి, చేతులను దగ్గరగా చాచి ఉంచితే భుజాలు ముడుచుకుని, వీపు వంగి, ఎదురుగాలికి అడ్డుపడే శరీర వైశాల్యం తగ్గుతుంది. లెమాండ్ ఈ అంచెను గెలిచాడు. డెల్గాడో 24 సెకన్ల తేడాతో రెండవ స్థానంలో, ఫిన్యోన్ 56 సెకన్ల తేడాతో మూడవ స్థానంలో నిలిచారు. దీనితో మొత్తం కాలములో లెమాండ్ ఫిన్యోన్ కంటె 5 సెకన్లు ముందుకు వచ్చి పసుపు జెర్సీ ధరించాడు.

మరునాడు రెన్ నుండి ఫ్యుచురోస్కోప్ వరకు జరిగిన 259 కి.మీ. అంచెలో ఫ్రాన్సుకు చెందిన జోయెల్ పెలియే 160 కి.మీ.కు పైగా ఒంటరిగా సాగి గెలిచాడు. తీవ్ర వైకల్యం గల మరో కుమారుని సంరక్షణలో ఉండవలసి రావడంతో, ఆయన తల్లిదండ్రులు ఆయన వృత్తి పోటీలను అంతవరకు ప్రత్యక్షంగా చూడలేదు. ఆ రోజు ఆయనకు తెలియకుండా గమ్యం వద్దకు వచ్చి ఎదురుచూశారు.

పిరనీస్ పర్వతములు

జూలై 10న కోటెరే వద్ద ముగిసిన అంచెను డెల్గాడో సహచరుడు మిగెల్ ఇండురైన్ గెలిచాడు. టూర్‌లో ఇది ఆయన తొలి అంచె విజయం. తరువాతి కాలంలో (1991-1995) ఆయన వరుసగా ఐదు సార్లు టూర్ గెలిచాడు. మరునాడు సూపర్‌బాన్యేర్ శిఖరం వద్ద ముగిసిన అంచెలో స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ మిల్లర్ (తరువాతి కాలంలో ఫిలిప్పా యార్క్) ప్రథమ స్థానం, డెల్గాడో రెండవ స్థానం పొందారు. చివరి ఎక్కుడులో లెమాండ్‌ను 12 సెకన్లు వెనుకకు నెట్టి ఫిన్యోన్ పసుపు జెర్సీ దక్కించుకున్నాడు. ఆధిక్యం 7 సెకన్లు. జూలై 14న, విప్లవ ద్విశతాబ్ది దినమున, మార్సెయ్‌లో ముగిసిన అంచెను ఫిన్యోన్ జట్టుకే చెందిన వెంసాన్ బార్టో గెలిచాడు.

ఆల్ప్స్ పర్వతములు

జూలై 16న గాప్ నుండి ఓర్సియేర్-మెర్లెట్ వరకు జరిగిన 39 కి.మీ. పర్వత టైమ్ ట్రయల్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన స్టీవెన్ రూక్స్ గెలిచాడు. లెమాండ్ ఫిన్యోన్ కంటె 47 సెకన్లు తక్కువ తీసుకుని, 40 సెకన్ల ఆధిక్యంతో పసుపు జెర్సీని తిరిగి పొందాడు. విరామం తరువాత బ్రియాన్సోన్ అంచెలో మరో 13 సెకన్లు చేర్చుకోగా ఆధిక్యం 53 సెకన్లు అయింది.

జూలై 19న ఆల్ప్ డ్యూజ్ శిఖరం వద్ద ముగిసిన అంచెలో నెదర్లాండ్స్‌కు చెందిన గెర్ట్-యాన్ ట్యూనిస్ చాలా దూరం ఒంటరిగా సాగి గెలిచాడు. వెనుక లెమాండ్, ఫిన్యోన్, డెల్గాడోలు కలిసి ఎక్కుతున్నారు. లెమాండ్‌ను కుర్రతనం నుండి ఎరిగిన గిమార్, ఆయన భుజాల కదలికను బట్టి అలసిపోతున్నాడని గ్రహించి, దాడి చేయవలసిందిగా ఫిన్యోన్‌ను ప్రోత్సహించాడు. శిఖరానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఫిన్యోన్ వేగం పెంచగా లెమాండ్ వెనుకబడిపోయాడు. ఆ కొద్ది దూరంలోనే 1 నిమిషం 19 సెకన్లు కోల్పోయాడు. పసుపు జెర్సీ 26 సెకన్ల ఆధిక్యంతో మళ్లీ ఫిన్యోన్‌కు దక్కింది. మరునాడు విలార్-డి-లాన్స్ అంచెను ఫిన్యోన్ ఒంటరిగా గెలిచి మరో 24 సెకన్లు కలుపుకున్నాడు. ఆధిక్యం 50 సెకన్లకు చేరింది.

జూలై 21న ఎక్స్-లే-బాన్ అంచెలో లెమాండ్, ఫిన్యోన్, డెల్గాడో, ట్యూనిస్ మరియు స్పెయిన్‌కు చెందిన మారినో లెహరెటా మిగిలినవారిని విడిచి ముందుకు సాగారు. గమ్యం వద్ద లెమాండ్ అందరినీ దాటి గెలిచినప్పటికీ, ఫిన్యోన్‌తో కాలములో తేడా రాలేదు. 50 సెకన్ల ఆధిక్యం చెక్కుచెదరలేదు.

ఆఖరి అంచె

ఆఖరి టైమ్ ట్రయల్‌కు ముందు లెక్క సుస్పష్టం. 24.5 కిలోమీటర్ల దూరంలో లెమాండ్ కిలోమీటరుకు రెండు సెకన్లకు పైగా సంపాదించాలి. ఇది దాదాపు అసాధ్యమని పత్రికలు, పరిశీలకులు భావించారు. ఫిన్యోన్ కూడా తన విజయం ఖాయమని నమ్మాడు. అయితే సీటు ఒరుసుకుని ఏర్పడిన పుండు ఆయనను రెండు మూడు రోజులుగా తీవ్రంగా బాధిస్తోంది. రాత్రిళ్లు నిద్ర కూడా సరిగా పట్టలేదు. ఈ సంగతిని జట్టు బయటకు పొక్కనీయలేదు.

మొత్తం కాలములో వెనుకనున్నవారు ముందు, ముందున్నవారు చివర బయలుదేరడం ఆనవాయితీ. ఆ ప్రకారం లెమాండ్ తరువాత ఫిన్యోన్ ఆఖరివాడుగా బయలుదేరాడు. లెమాండ్ వెనుక భాగం పొడుగుగా సాగిన శిరస్త్రాణం ధరించాడు. హ్యాండిల్‌కు కమ్మీలు బిగించుకున్నాడు. వెనుక చక్రం మాత్రం చువ్వలు లేని పళ్లెం చక్రం. దారి మధ్యలో కాలపు తేడాలు తనకు చెప్పవద్దని జట్టుతో ముందే చెప్పాడు. ఫిన్యోన్ సైకిల్‌కు రెండూ పళ్లెం చక్రాలే, కాని హ్యాండిల్ పాత పద్ధతిది. శిరస్త్రాణం లేదు. పిలక గాలికి ఎగురుతూనే ఉంది. శిరస్త్రాణం తప్పనిసరి అన్న నియమం వృత్తి పందేలలో 2003 వరకు రాలేదు.

వెర్సాయ్ నుండి పారిస్‌కు దారి కొంత పల్లానికి ఉంది. వెనుక నుండి గాలి కూడా వీచింది. లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో, గంటకు 54.545 కి.మీ. సగటు వేగంతో గమ్యం చేరాడు. టూర్ టైమ్ ట్రయల్స్‌లో అప్పటికి అదే అత్యధిక వేగం. ఇక ఫిన్యోన్ కోసం నిరీక్షణ మొదలయింది. షాంజెలిజేలో లెమాండ్ నిలబడి గడియారాన్ని చూస్తుండగా, ఫిన్యోన్‌కు మిగిలిన గడువు ఒక్కొక్క సెకను కరిగిపోయింది. ఫిన్యోన్ 27 నిమిషాల 55 సెకన్లలో గీత దాటి నేలపై కూలబడ్డాడు. ఆయన నడక మందకొడిది కాదు. ఆ అంచెలో ఆయనది మూడవ స్థానం, సగటు వేగం గంటకు 52 కి.మీ.కు పైనే. కాని లెమాండ్ కంటె 58 సెకన్లు ఎక్కువ పట్టింది. 50 సెకన్ల ఆధిక్యం పోయి 8 సెకన్ల లోటు మిగిలింది.

ఆధిక్యము మారిన క్రమము

* 5వ అంచె తరువాత: లెమాండ్‌కు 5 సెకన్లు
* 10వ అంచె తరువాత: ఫిన్యోన్‌కు 7 సెకన్లు
* 15వ అంచె తరువాత: లెమాండ్‌కు 40 సెకన్లు
* 16వ అంచె తరువాత: లెమాండ్‌కు 53 సెకన్లు
* 17వ అంచె తరువాత: ఫిన్యోన్‌కు 26 సెకన్లు
* 18వ అంచె తరువాత: ఫిన్యోన్‌కు 50 సెకన్లు
* 21వ అంచె తరువాత: లెమాండ్‌కు 8 సెకన్లు

మూడు వారాలలో ఒక్కసారి కూడా వీరిద్దరి మధ్య తేడా ఒక నిమిషానికి చేరలేదు. అంచెల ముగింపున ఆధిక్యం ఫిన్యోన్‌కు తొమ్మిది సార్లు, లెమాండ్‌కు ఎనిమిది సార్లు ఉంది. వాటిలో చివరిదే లెక్కకు వచ్చింది.

తుది ఫలితములు

1. గ్రెగ్ లెమాండ్ (అమెరికా): 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు
2. లోరాన్ ఫిన్యోన్ (ఫ్రాన్సు): 8 సెకన్లు వెనుక
3. పెడ్రో డెల్గాడో (స్పెయిన్): 3 నిమిషాల 34 సెకన్లు వెనుక
4. గెర్ట్-యాన్ ట్యూనిస్ (నెదర్లాండ్స్): 7 నిమిషాల 30 సెకన్లు వెనుక
5. మారినో లెహరెటా (స్పెయిన్): 9 నిమిషాల 39 సెకన్లు వెనుక

అంచెల గమ్యాల వద్ద పాయింట్లకు ఇచ్చే ఆకుపచ్చ జెర్సీని ఐర్లండ్‌కు చెందిన షాన్ కెల్లీ గెలుచుకున్నాడు. ఇది ఆయనకు నాల్గవది. అంతకు ముందు ఎవరూ నాలుగు సార్లు దీనిని పొందలేదు. పర్వతారోహణకు ఇచ్చే ఎర్రచుక్కల జెర్సీ ట్యూనిస్‌కు, జట్టు బహుమతి పి.డి.ఎం. జట్టుకు లభించాయి. పందెమంతటిలో అత్యంత పోరాటపటిమ చూపినవానికి ఇచ్చే బహుమతి ఫిన్యోన్‌కు దక్కింది.

ఎనిమిది సెకన్ల విశ్లేషణ

పందెపు సగటు వేగం ప్రకారం ఎనిమిది సెకన్లలో సాగే దూరం సుమారు 83 మీటర్లు. 3,285 కిలోమీటర్ల ప్రయాణానంతరం ఇద్దరి మధ్య మిగిలిన దూరం అంతే అన్నమాట. ఇంత స్వల్పమైన తేడాకు కారణమేమిటన్న చర్చ ఆ నాటినుండి సాగుతూనే ఉంది.

మొదటి వాదన పరికరాలకు సంబంధించినది. సమతలముపై గంటకు 50 కి.మీ. వేగంతో సాగే పోటీదారు శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగపు ఘనముతో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపయితే అవసరమయ్యే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి శరీర భంగిమలో చిన్న మార్పు కూడా సెకన్లను మిగులుస్తుంది. లెమాండ్ వాడిన కమ్మీలు, శిరస్త్రాణం ఆయనకు మేలు చేశాయనడంలో సందేహం లేదు. సైకిల్‌పై శరీరానికి మూడు ఆధారాలనే నియమాలు అనుమతించేవని, మోచేతుల ఆధారం అందుకు విరుద్ధమని ఫిన్యోన్ తరువాతి కాలంలో వాదించాడు. అయితే పందెపు అధికారులు ఆ పరికరాన్ని అనుమతించారు.

పరికరమొక్కటే ఫలితాన్ని నిర్ణయించిందనడం మాత్రం సరికాదు. ఫిన్యోన్‌ను బాధించిన పుండు మరొక కారణం. అంతకు ముందటి మూడు వారాలలో దాదాపు ప్రతి అంచెలోను ఇరువురికీ ఎనిమిది సెకన్లు పోగొట్టుకునే, సంపాదించుకునే అవకాశాలు వచ్చాయి. జట్టు టైమ్ ట్రయల్‌లో సహచరుల బలహీనత వలన లెమాండ్ 51 సెకన్లు పోగొట్టుకున్నాడు. ఆ లోటు లేకుంటే ఆఖరి రోజున ఆయన ఒక్క సెకను ముందంజతోనే బయలుదేరేవాడు.

డెల్గాడో విషయం కూడా గమనించదగినది. ఆయన తుది లోటు 3 నిమిషాల 34 సెకన్లు. అందులో 2 నిమిషాల 40 సెకన్లు ఆయన సైకిల్ ఎక్కి బయలుదేరక మునుపే పోయినవి. జట్టు టైమ్ ట్రయల్‌లో పోయిన నిమిషాలను కూడా కలిపితే, మొదటి రెండు రోజులలో కోల్పోయిన కాలములో సగానికి పైగా ఆయన తిరిగి రాబట్టుకున్నాడు.

అనంతర పరిణామములు

1989 ఆగస్టులో షాంబెరీలో జరిగిన ప్రపంచ రోడ్ సైకిల్ పోటీలో కూడా లెమాండ్ విజయం సాధించాడు. ఆ ఏడాది స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆయనను ఉత్తమ క్రీడాకారునిగా ప్రకటించింది. 1990లో మూడవసారి టూర్ గెలిచాడు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఫ్లాయిడ్ లాండిస్‌ల విజయాలు నిషిద్ధ ఉత్ప్రేరకాల కారణంగా రద్దయిన తరువాత, పురుషుల టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఏకైక అమెరికన్‌గా లెమాండ్ మిగిలాడు.

ఫిన్యోన్ ఆ తరువాత టూర్ గెలవలేదు. 1993లో వృత్తి పోటీల నుండి విరమించాడు. 2009లో ఆయన ఆత్మకథ వెలువడింది. రెండు సార్లు టూర్ గెలిచిన ఆయన గ్రంథం ఈ ఎనిమిది సెకన్ల ప్రస్తావనతోనే ఆరంభమవుతుంది. 2010 ఆగస్టు 31న, 50 ఏళ్ల వయస్సులో, కాన్సర్ వ్యాధితో ఆయన పారిస్‌లో మరణించాడు.

ముందుకు చాచిన హ్యాండిల్ కమ్మీలు అనతికాలంలోనే టైమ్ ట్రయల్ సైకిళ్లన్నిటికీ సాధారణమయ్యాయి. 1989కి ముందు అతి స్వల్పమైన తేడా 1968లో యాన్ యాన్సెన్ సాధించిన 38 సెకన్లు. అది కూడా ఆఖరి రోజు టైమ్ ట్రయల్‌లో తేలిన ఫలితమే. 1989 తరువాత ముప్పై అయిదేళ్లపాటు టూర్ టైమ్ ట్రయల్‌తో ముగియలేదు. పారిస్‌లో ఒలింపిక్ క్రీడల కారణంగా 2024 టూర్ నీస్ నగరంలో టైమ్ ట్రయల్‌తో ముగిసింది.